బియ్యంలో రాసిన పేరు

తెల్లారి ఆరు కాకముందే భాగీరథి ఇరవై రొట్టెలు చేసి గుడ్డలో చుట్టి పెట్టింది. ఇంకా అన్నే చేయాలి. జొన్నపిండి ముద్ద పీట మీద పెడితే రొట్టె దానంతటదే గుండ్రంగా సాగి పెనం మీదికి పోతుందని ఆ ఇంటి మగవాళ్ళకు గట్టి నమ్మకం. అలా సాగిన రొట్టెను ఇంతవరకూ ఎవరూ చూసింది లేదు గానీ, నమ్మకానికి చూడటంతో పనేముంది.

భుజాన తువ్వాలుతో శరణప్ప వంటింటి గడపలోంచి తొంగిచూసి, "నలభై ఒక్కటి అయినయా?" అన్నాడు.

అది రొట్టెల లెక్క కాదు. భాగీరథికి ఇంటర్మీడియట్‌లో నూటికి వచ్చిన మార్కులు. పెళ్ళయిన ఏడాది ఎవరో బంధువు అడిగితే ఆ సంఖ్య బయటపడింది. అప్పట్నుంచి భర్త నోట అదే ఆమె ముద్దుపేరు. కూరలో ఉప్పు ఎక్కువైతే నలభై ఒక్కటి. లాంతరు గ్లాసు పగిలితే నలభై ఒక్కటి. ఇంటికొచ్చిన చుట్టాల ముందు "మా ఇంట్ల మార్కుకు ఒక రొట్టె లెక్కన చేస్తది, ఇంకిన్ని మార్కులొస్తే మనం తినలేకపోతుంటిమి" అని తానే నవ్వేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. ఒక్క హాస్యాన్ని ఆరేళ్ళు వాడుకోగల పొదుపరి, అంతే.

ఆ మార్కుల సంగతి ఇదీ. డెబ్బై అయిదులో పెళ్ళికి ముహూర్తం చూసినవాళ్ళు పరీక్షల టైంటేబుల్ చూడలేదు. వృక్షశాస్త్రానికీ జంతుశాస్త్రానికీ నడుమ ఆమెను పెళ్ళికూతుర్ని చేశారు. జంతుశాస్త్రం పేపరు మీద ఆమె పసుపు వేళ్ళ గుర్తులు పడ్డాయి. చివరి రోజు భౌతికశాస్త్రం సగం రాసేసరికి, కాలేజీ గేటు బయట పెళ్ళివారి బస్సు ఆగకుండా హారను కొట్టింది. న్యాల్‌కల్ నుంచి రోజూ బస్సెక్కి జహీరాబాద్ వచ్చి, క్లాసులో ఎప్పుడూ మొదటి ముగ్గురిలో ఉన్న పిల్ల ఆ హారను వినలేక కాగితం ఇచ్చేసి లేచింది. నలభై ఒక్కటి వచ్చాక బస్సు సంగతి అందరూ మరిచిపోయారు, మార్కు ఒక్కటే మిగిలింది. విచిత్రం ఏమిటంటే భాగీరథి కూడా మరిచిపోయింది. తన తలకాయ ఖరీదు నలభై ఒక్కటేనని మూడేళ్ళపాటు ఆమే నమ్మింది.

ఆ నమ్మకం పోవడానికి అత్త నాగమ్మ కారణం. డెబ్బై ఎనిమిదిలో ఆమెకు నడుము నొప్పి ఎక్కువై మంచం పట్టింది. మామ చెన్నబసప్ప దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు గారు ఆయన్నే అడిగారు, ఆయనే చెప్పాడు.

"ఏం లేదు సార్, జర గ్యాసు. కడుపుల మంట అంటది."

నాగమ్మ పక్కన తలొంచుకుని కూర్చుంది. నొప్పి ఆమెది, చెప్పేది ఆయన. మందు గ్యాసుకు ఇచ్చారు. రెండు సీసాలు తాగినా తగ్గలేదు. మూడోవారం వీపుకు నూనె రాస్తూ భాగీరథి మెల్లగా ఒక్కొక్కటే అడిగింది. అత్త గోడవైపు తిరిగి, పదకొండేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట చెప్పింది. గర్భసంచి జారింది. చిన్నకొడుకు కానుపయిన అయిదోరోజే బిందెలు మోసిందట. అప్పట్నుంచి గుడ్డ కట్టుకుని రొట్టెలు చేసింది, అల్లం బస్తాల దగ్గర కూలీలకు చాయ్ పోసింది, పెద్దకొడుకు పెళ్ళి చేసింది.

"మీ మామకు చెప్పకు. సిగ్గు" అంది.

భాగీరథి చెప్పలేదు. అత్తకు గ్యాసు తగ్గలేదని మాత్రం చెప్పి బీదర్‌కు, ఒక లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఇంటికి కడుపు ఆపరేషనని మాత్రమే చెప్పారు. అది అయ్యాక ఆ డాక్టరమ్మ భాగీరథిని పక్కకు పిలిచింది. "అన్నీ వరుసగా చెప్పావు, మా నర్సు కూడా ఇంత బాగా చెప్పలేదు. ఏం చదివావు?"

"ఇంటర్. నలభై ఒక్క శాతం." ఆమె తన పేరు చెప్పినట్టే చెప్పింది.

"అది ఆ రోజు వచ్చిన మార్కు. మళ్ళీ రాయకూడదని ఎవరన్నారు?"

ఎవరూ అనలేదు. అది తలుచుకుంటే భాగీరథికి కోపం వచ్చింది. తన మీద తనకే వచ్చిన ఆ కోపం జహీరాబాద్ చేరేదాకా బస్సులో తగ్గలేదు. దిగేసరికి అది కోపంలా లేదు, ఆకలిలా ఉంది.

పాత పుస్తకాలు అటక మీద నుంచి దిగాయి. చదివే వేళ ఏదీ అంటే, రొట్టెల వేళే. పుస్తకం పిండి డబ్బాకు ఆనించి, చరుపుకొక్క మాట చొప్పున చదివేది. కుడి కర్ణిక, కుడి జఠరిక, ఊపిరితిత్తులు. రొట్టె తిరగేస్తే ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, ఒళ్ళంతా. ఇరవై రొట్టెలకు గుండె, ఇంకో ఇరవైకి మూత్రపిండాలు. నాగమ్మ గోడకానుకుని కూరగాయలు తరుగుతూ వినేది. ఒకరోజు కత్తిపీట ఆపి, "ఆగు" అంది. "నిన్న నెత్తురు కుడి దిక్కు నుంచి ఊపిరితిత్తులకు పోయింది. ఇయ్యాల ఎడమ దిక్కు నుంచి పంపినవ్. యాడికని పోవాలె పాపం?"

భాగీరథి పుస్తకం చూసింది. తప్పు తనదే. ఆ రోజు అత్తాకోడళ్ళు నవ్విన నవ్వుకు పెనం మీది రొట్టె మాడిపోయింది. మాడిన రొట్టె శరణప్ప పళ్ళెంలోకే పోయింది, ఆయన అడిగితే పొయ్యి తప్పన్నారు.

ఎనభైలో మళ్ళీ పరీక్షలు రాసింది. డెబ్బై నాలుగు శాతం వచ్చింది. శరణప్ప మార్కుల కాగితం అటూ ఇటూ తిప్పి, "ఈసారి పేపర్లు అల్కగ వచ్చినయేమో" అన్నాడు. పేరు మాత్రం మార్చలేదు. డెబ్బై నాలుగు అని పిలవడానికి నోరు తిరగలేదు కాబోలు.

మామ చెన్నబసప్పది వేరే దారి. ఆయన అల్లం కమీషన్ దుకాణంలో కూర్చుని, తనకు చదవరాని ఆ ఇంగ్లీషు కాగితాన్ని మొగుడంపల్లి రైతుల నుంచి బొంబాయి లారీ డ్రైవర్ల దాకా అందరికీ చూపించాడు. మెడికల్ కాలేజీ ఎంట్రెన్స్ అని ఒకటి ఉందని వాళ్ళే చెప్పారు. మరుసటేడు హైదరాబాద్ పోయినప్పుడు తానే దరఖాస్తు ఫారం తెచ్చాడు. "మా కోడలు డాక్టరైతది" అని బజారంతా చాటాడు. ఇక చూడాలి, వీధిలో ఆడవాళ్ళు నొప్పులు మూట కట్టుకుని వంటింటి వెనక తలుపు దగ్గరికి రావడం మొదలుపెట్టారు. "ఇంకా ఫారం కూడ నింపలేదమ్మా" అని భాగీరథి మొత్తుకుంటే, "నింపుతవ్ గదా, అందాక జర ఈ మోకాలు చూడు" అనేవారు.

నింపడానికి ఇంకా రెండ్రోజులే గడువుందనగా గురువారం పొద్దున మామ ఫారం చేత పట్టుకున్నాడు. "ఇంగ్లీషుల ముత్యాల్లెక్క రాయాలె. మా రామ్‌కిషన్ రాస్తడు" అని దుకాణం గుమస్తా దగ్గరికి తీసుకుపోయాడు. భాగీరథి సర్టిఫికెట్లు తెచ్చేలోపే ఆయన వీధి మలుపు తిరిగాడు. సాయంత్రం తిరిగొచ్చి, పండగ పళ్ళెం అందించినట్టు ఫారం చేతికిచ్చాడు. నిజంగానే ముత్యాల్లాంటి అక్షరాలు. కింద శరణప్ప సంతకం కూడా అయిపోయింది.

భాగీరథి మొదటి గడి చదివి అలాగే నిలబడింది. అభ్యర్థి పేరు, అన్నపూర్ణ.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కర్ణాటక సరిహద్దు ఇళ్ళలో కొందరికి ఒక ఆచారం ఉంది. పెళ్ళినాడు పళ్ళెంలో బియ్యం పరిచి, వరుడు ఉంగరంతో అందులో కోడలికి కొత్తపేరు రాస్తాడు. ఆ బియ్యం ఆమె ఒళ్లో పోస్తారు, పాతపేరు పుట్టింటి వాకిట్లోనే ఆగిపోతుంది. "వచ్చే పిల్ల చేతి బువ్వ తింటం గదా, అన్నపూర్ణ అని పెడుదాం" అన్నది మామే. అప్పుడు అందరూ మెచ్చుకున్నారు. ఆరేళ్ళుగా ఆ ఇంట్లో ఆమె అన్నపూర్ణ, నలభై ఒక్కటి, ఏయ్, ఇగో. సర్టిఫికెట్లలో మాత్రం భాగీరథి. రామ్‌కిషన్ పేరడిగితే మామ తడుముకోకుండా చెప్పాడు. ఆయన మోసం చేయలేదు, కోడలికి ఇంకో పేరుండేదన్న సంగతే ఆయనకు గుర్తు లేదు.

ఫారం కింద పెద్ద అక్షరాల్లో ఉంది, కొట్టివేతలున్న దరఖాస్తులు తీసుకోబడవు.

మామ ముఖం చిన్నబోయింది. పాపం, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సర్టిఫికెట్లనే మార్పిద్దమా?" అన్నాడు.

"ఒక్క రోజుల యాడ మారుస్తరు?" అన్నాడు శరణప్ప. "పోనియ్యి. వచ్చే ఏడు పెట్టుకోవచ్చు. సీటేమన్న ఉరికిపోతదా?"

వచ్చే ఏడు. ఆ మాట భాగీరథికి బాగా తెలుసు. కుట్టుమిషనుకూ అదే మాట, పుట్టింటి జాతరకూ అదే మాట, నాగమ్మ నడుము నొప్పికి పదకొండుసార్లు అదే మాట. ఆ వచ్చే ఏడు ఈ ఇంటి ఆడవాళ్ళ దగ్గరికి ఎన్నడూ రాలేదు. ఆమె ఫారం మడిచింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. లోపల ఏదో తేలిగ్గా ఉంది. ఈ ఇంట్లో ఆరేళ్ళుగా తాను అడగడమే గానీ చెప్పడం లేదని అప్పుడే తోచింది.

"రేపు పొద్దుగాల బస్సుకు హైదరాబాద్ పోత. ఇంకో ఫారం తీసుకొని, ఆడ్నే నింపి, ఆడ్నే ఇచ్చి వస్త."

"ఒక్కదానివా?" అన్నాడు మామ.

"మరి రొట్టెలు?" అన్నాడు శరణప్ప. మనసులో మాట అంత నిజాయితీగా బయటపెట్టే మనిషి అరుదు.

వంటింట్లోంచి నాగమ్మ గొంతు వచ్చింది. "పిండి డబ్బాల ఉన్నది. చేతులు నీకూ ఉన్నయి, మీ నాయినకూ ఉన్నయి. దానంతటదే సాగుతది గదా, సాగనియ్యిన్రి. నేను గూడ పోతున్న."

శుక్రవారం పొద్దున అత్తాకోడళ్ళు ముందు సీటులో కూర్చున్నారు. నాగమ్మకు కిటికీ పక్కన చోటు దొరికింది. చెరకు బండ్లు దాటుతుంటే చిన్నపిల్లలా లెక్కపెట్టింది. సంగారెడ్డి దాటాక, "నెత్తురు యాడి నుంచి యాడికి పోతది, ఇంకోపారి చెప్పు" అంది. భాగీరథి చెప్పింది. ఈసారి ఎక్కడా తప్పు పోలేదు.

ఆఫీసులో వరుస పొడుగ్గా ఉంది. అందరూ ఇంటర్ నిన్న ముగించిన పిల్లలు. చీర కొంగు నడుముకు దోపుకున్నది వీళ్ళిద్దరే. కౌంటరులో గుమస్తా ఫారం ఇస్తూ నాగమ్మ వైపు చూసి, "సీటు ఎవరికమ్మా?" అని నవ్వాడు. "ఇద్దరికీ ఇస్తరా?" అంది నాగమ్మ. గుమస్తా నవ్వు ఆపాడు, వెనకున్న పిల్లలు మొదలుపెట్టారు.

భాగీరథి బల్ల దగ్గర నిలబడి మొదటి గడిలో తన పేరు రాసింది. ఆరేళ్ళలో పరీక్ష కాగితాల మీద తప్ప ఎక్కడా రాయని ఆ అక్షరాలు తిన్నగా పడ్డాయి. తండ్రి పేరు మహాదేవప్ప. మార్కులు డెబ్బై నాలుగు. ఎన్నోసారి అన్నచోట రెండోసారి అని దాచకుండా రాసింది. చివరి గడి దగ్గర కలం ఆగింది. సంరక్షకుల పేరు, సంతకం.

"మీ భర్తో నాన్నో రాలేదా?" అన్నాడు గుమస్తా. "సంతకం లేకపోతే తీసుకోను."

"నేనున్న గదా" అంది నాగమ్మ.

"ఆడవాళ్ళ సంతకం..."

"పనికిరాదని ఇందుల యాడ రాసున్నదో చూపెట్టున్రి" అంది భాగీరథి. ఆయన ఫారం ముందుకూ వెనక్కూ తిప్పాడు. ఎక్కడా లేదు. సిరా దిమ్మె ఇటు తోసి, "పేరు రాసి వేలిముద్ర వేయించు" అన్నాడు.

భాగీరథి కలం ఆనించింది. నాగమ్మ అని రాయబోతుంటే అత్త ఆమె మణికట్టు పట్టుకుంది.

"నన్ను అడగకనే రాస్తున్నవా?"

భాగీరథికి అర్థం కాలేదు. ఆ తర్వాత ఒక్కసారిగా అర్థమైంది. గర్భసంచి దాకా అన్నీ అడిగి తెలుసుకున్న తాను, ఆరేళ్ళలో ఈ ఒక్క మాట అడగలేదు. నిన్న దుకాణంలో మామ చేసిన పనే ఇప్పుడు తన చేయి చేయబోయింది. ఈమెకూ ఎవరో ఒకరు బియ్యం పరిచి ఉంటారు.

"అత్తమ్మా, నీ పేరేంది?"

నాగమ్మ కొంగు సర్దుకుంది. కౌంటరు వైపూ, వెనక వరుస వైపూ చూసి, ఎవరి వస్తువో తీసుకుంటున్నట్టు మెల్లగా అంది.

"నీలమ్మ."

భాగీరథి రాసింది. అత్త బొటనవేలు సిరాలో అద్దుకుని, పేరు మీద మరక పడకుండా పక్కనే జాగ్రత్తగా నొక్కింది. వేలు కొంగుకు తుడుచుకోకుండా అలాగే గాలిలో పట్టుకుని, కాగితం మీదికి వంగింది.

"రాసినవా?"

"రాసిన."

"సదువు."

"నీలమ్మ."

"ఇంకొక్కపారి సదువు" అంది అత్త.