వార్నిష్ లేని పెట్టె

చనిపోయిన అత్తగారి జుట్టుకి ఆమె ఆఖరిసారి చిక్కు తీస్తుంటే, భర్త గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"తొందరగా కానిచ్చి షెడ్డులోకి రా. టేకు పెట్టె దించాను. రేపు పొద్దున్నకల్లా అద్దంలా మెరవాలి."

ఏడ్చి ఏడ్చి అతని గొంతు బొంగురుపోయింది. అయినా పని చెప్పడంలో మాత్రం ఎక్కడా తడబడలేదు.

శవపేటికలు చేసే ఇల్లు అది. చెక్క కోసి బిగించడం మగవాళ్ళు చేసే 'పని'. గరుకు కాగితంతో నున్నగా రుద్దడం, వార్నిష్ పూతలు వెయ్యడం, లోపల గుడ్డ కుట్టడం ఆడవాళ్ళ 'చేదోడు'. వేరే ఇళ్ళలో అత్తలు కోడళ్ళకి తాళాలగుత్తి అప్పగిస్తారు. ఈ అత్తగారు దగ్గుతో మంచమెక్కినరోజు కోడలి చేతిలో పెట్టింది వార్నిష్ కుంచె. ఇచ్చేటప్పుడు ఆవిడ కోడలి మొహంలోకి చూడలేకపోయింది. ఇప్పుడు కోడలికీ తెల్లారితే దగ్గే. "మందు తాగరాదూ?" అంటాడు భర్త, అదేదో ఆమె మతిమరుపైనట్టు.

"అత్తయ్య టేకు కాదు, చవక పైన్ చెక్క అడిగింది" అందామె. "వార్నిష్ చుక్క కూడా వద్దంది. బతికినన్నాళ్ళూ పీల్చిన వాసన, లోపల పడుకున్నాక కూడానా అంది."

"నాతో అనలేదే!"

"మీరు పక్కన కూర్చుంటేగా అనడానికి."

"నాన్నని టేకులో పంపి అమ్మని పైన్‌లో పంపితే నలుగురూ మొహాన ఉమ్మేస్తారు. అయినా చెక్క గురించి నీకేం తెలుసు?"

ఏ చెక్క అరచేతిని ఒలిచేస్తుందో, ఏది ఎన్ని పూతలు వేసినా తాగేసి ఇంకా కావాలంటుందో ఆమె చేతులకి తెలుసు. గట్టి చెక్కయినా మెత్త చెక్కయినా, ఆ పొడంతా చేరింది అత్తాకోడళ్ళిద్దరి ఊపిరితిత్తుల్లోకే. ఆమె చిక్కు తీయడం పూర్తిచేసి, జడ అల్లి, లేచి షెడ్డులోకి వెళ్ళింది. పైన్ పలకలు దించి బల్లమీద వేసి రంపం అందుకుంది.

"చెయ్యి కోసుకుంటావ్! ఇటివ్వు" అన్నాడు వెనకే వచ్చిన భర్త.

ఆమె ఇవ్వలేదు. మొదటి పలక వంకరగా తెగింది. రెండోది కాస్త నయం. మూడోదానికి అతను వచ్చి అవతలి కొస పట్టుకున్నాడు. కాసేపటికి పెన్సిల్‌తో గీత గీసి, "ఇక్కడ కొయ్యి" అన్నాడు. ఎందుకో ఇద్దరికీ ఒకేసారి ఏడుపొచ్చింది. రంపం మాత్రం ఆగలేదు.

మర్నాడు పెట్టె ముంగిట్లోకి వచ్చింది. పాలిపోయిన పసుపు రంగు చెక్క, ముడులన్నీ కనబడుతూ, జిగురు వాసన వేస్తూ. మోయడానికి వచ్చినవాళ్ళు ఎత్తి చూసి "తేలిగ్గా ఉందే" అనుకున్నారు. పక్కింటాయన ఊరుకుంటాడా?

"పెట్టెలు చేసే ఇంట్లో పాలిష్‌కి కరువొచ్చిందా ఏంటయ్యా?"

భర్త తల దించుకున్నాడు. ఇప్పుడు ఏ అబద్ధమో చెబుతాడనుకుందామె. అతను గొంతు సవరించుకుని, "అమ్మకి ఆ వాసన పడదండీ" అన్నాడు.

అందరూ అతనివైపే చూస్తున్నారు.

"నాకూ పడదు" అందామె.