నీలం ప్లేటు మీద నారింజ వలయం

అంట్లు తోమి, బస్సు దొరకదేమోనని చెప్పులు వేసుకుంటుంటే మా ఆయన ప్రవీణ్ నవ్వాడు. “ఆడ గూడా సీసాలు కడిగేదే గదా నీ పని. ఆ కడిగేదేందో ఈడనే కడిగితే మాయమ్మకైనా ఆసరా ఐతాది.” అత్తమ్మ తాగిన కాఫీ గ్లాసు తెచ్చి నేను అప్పుడే తుడిచిన సింకులో పెట్టింది. ఎమ్మెస్సీ చదివి, నంద్యాలలో మట్టి పరీక్షల ల్యాబులో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. ఆళ్లగడ్డ నుంచి అక్కడికి బస్సులో గడిచే గంటే రోజంతటిలో నాది.

కోయిలకుంట్ల వైపు చేలలో శనగ ఆకులు పసుపెక్కుతున్నాయి. ఆ నల్లరేగడిలో ఇనుముంది, సున్నం ఎక్కువై మొక్కకు అందదు. ఇనుమును పట్టి కరిగించే పదార్థాన్ని వదిలే సూక్ష్మజీవులు కొన్ని ఉంటాయి. వాటిని నీలిరంగు జెల్లీ ప్లేటు మీద పెంచితే చుట్టూ నారింజ వలయం ఏర్పడాలి. మూడుసార్లు ప్రయత్నించాం. రాలేదు. “ఈ మట్టిలో లేవని రాసెయ్ ప్రేమకుమారీ,” అన్నారు మా పెద్దాఫీసరు వెంకటేశ్వర్లు సార్.

నేను రాయలేదు. నా అనుమానం సీసాల మీద. బోరునీళ్లతో కడిగీ కడిగీ వాటి అడుగున తుప్పు మరక పట్టింది. ఇనుము తేరగా దొరుకుతుంటే ఆ జీవులు దానికోసం ఎందుకు పాటుపడతాయి? సీసాలన్నీ యాసిడ్‌లో నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఎవరికీ చెప్పకుండా వాటిలో మళ్లీ జెల్లీ కాచి ప్లేట్లలో పోశాను. నాలుగోరోజు మూత తీయకముందే కనిపించింది, రూపాయి బిళ్లంత నారింజ వలయం. ఒకటి కాదు, ఐదు! స్టూలు మీద కూలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

సార్ ప్లేటును వెలుతురులో పట్టి చూశారు. “శభాష్ మహేష్! ఈసారి ఏం చేసినావప్పా?”

రీసెర్చి చేస్తున్న మహేష్ నా వైపు చూశాడు. ఇంతకుముందైతే తల దించుకుని పక్క గదిలోకి వెళ్లిపోయేదాన్ని.

“నేను చేసినా సార్. సీసాల్లో ఇనుముండె. తేదీలతో సహా రాసిపెట్టినా,” అంటూ నోట్‌బుక్కు ఆయన చేతిలో పెట్టాను.

“అవున్సార్, అంతా అక్కే,” అన్నాడు మహేష్.

సార్ నిలబడే రెండు పేజీలు చదివారు. మొదటిసారి నన్ను కూర్చోమన్నారు. “వచ్చేనెల హైదరాబాదు సదస్సులో దీన్ని వివరించాల. మూడు రోజులు. నీకు ఇల్లూ పిల్లలూ... మహేష్ పోతాడులే.”

“నేనే పోతా సార్.”

“ఇంట్లో ఒకమాట అడిగి చెప్పమ్మా.”

“అడిగేదేం లేదు సార్. పొయ్యొస్తానని చెప్తా.”