నొప్పి రాకముందే కొట్టిన మందు

మందుల సంగతి నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. నలభై ఏళ్ళుగా మిర్చి వేస్తున్నవాణ్ణి. గురజాల చుట్టుపక్కల ఏ చేలో ఆకు ముడుచుకున్నా ముందు అమరేశ్వరరావుకే కబురు వస్తుంది. నేను గట్టు మీద నిలబడి ఒక్క ఆకు తిప్పి చూస్తే చాలు, అది ఏ పురుగో, ఏ తెగులో, దేంట్లో ఏది కలిపి కొట్టాలో చెప్పేస్తాను. పురుగు కనపడ్డాక మందు కొట్టేవాణ్ణి నేను రైతు కిందే లెక్కవేయను. రాకముందే కొట్టాలి. నిన్న కొట్టిన మందు ఇవాళ కొట్టకూడదు, పురుగు దానికి అలవాటు పడిపోతుంది. మార్చి మార్చి కొట్టాలి. ఒక్క మందు మీద నమ్మకం చాలకపోతే రెండు కలిపి కొట్టాలి.

చేనుకి పనికొచ్చిన తెలివి మనిషికి ఎందుకు పనికిరాదు అనుకున్నాను. తప్పు అక్కడ జరిగింది.

ఏటా శివరాత్రికి మా ఊరి నుంచి కోటప్పకొండకి నడిచి వెళతాం. మూడు రోజుల నడక. మా ఆవిడతో సహా పదకొండు మందిమి, అందరం అరవై దాటినవాళ్ళమే. నాయకుణ్ణి నేను. నన్నెవరూ ఎన్నుకోలేదు గానీ వద్దని కూడా ఎవరూ అనలేదు. తొమ్మిదేళ్ళుగా మా గుంపులో ఒక్కరు కూడా దారి మధ్యలో బండి ఎక్కలేదని చుట్టుపక్కల ఊళ్ళలో మాకు పెద్ద పేరు. మా ఊరి మెకానిక్కు ఇక్బాల్ సామాన్ల కోసం తన ట్రాలీ ఆటో వెనకాలే తెస్తాడు. అందులో బియ్యం బస్తా ఎక్కుతుంది, గిన్నెలు ఎక్కుతాయి, దుప్పట్లు ఎక్కుతాయి. మనిషి మాత్రం ఎక్కడు.

పోయినేడు ఆ పేరు పోయినంత పనైంది. రెండో రోజుకే సగం మంది మోకాళ్ళు పట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్నారు. వాళ్ళని లేపి, బతిమాలి, తిట్టి నడిపించేసరికి నా గొంతు పోయింది. ఈసారి అలా కాకూడదని బయల్దేరే ముందు రోజే మెడికల్ షాపు ధనుంజయరావు దగ్గరికి వెళ్ళి, నొప్పి బిళ్ళలు ఎన్ని రకాలుంటే అన్నీ ఇమ్మన్నాను. ఎవరికి అని అడిగాడు. పదకొండు మందికి అన్నాను. ఇక రెండో ప్రశ్న వేయలేదు మహానుభావుడు, సంచీ తీశాడు.

ఇంటికొచ్చి రకాల వారీగా పొట్లాలు కడుతుంటే మా ఆవిడ ఇందిర వచ్చి నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఏందయ్యా ఇయ్యి?"

"నొప్పి బిళ్ళలు."

"ఎవురికి నొప్పి?"

"ఎవురికీ లేదు. రాకుండా ఉండటానికే. రేపు పొద్దున్నే అందరికీ తలా ఒకటి."

"జరం రాకముందే సెలైను గూడా ఎక్కిత్తావా?"

"నీకు వ్యవసాయం తెలవదు, ఊరుకోవే."

"నలభై ఏళ్ళ నుంచి నీ చేలో కలుపు తీత్తంది ఎవురంటా?"

అది నాకు వినపడలేదు. వినపడనట్టు ఉండటం కూడా నలభై ఏళ్ళుగా అలవాటైన పనే.

మర్నాడు తెల్లారగానే అందరినీ వరసలో నిలబెట్టాను. తీర్థం పోసినట్టు అరచేతిలో తలా ఒక బిళ్ళ పెట్టాను. మావాళ్ళు కూడా తీర్థం తీసుకున్నట్టే కళ్ళకద్దుకుని మింగారు. అడిగిన మనిషి ఒక్కడే, మా వెంకటప్పయ్య బావ. నా మేనత్త కొడుకు, డెబ్బై మూడేళ్ళవాడు. ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళయినా పందిరి గుంజలు పాతేది ఆయనే, ఆ తర్వాత భోజనాల్లో చివరి బంతిలో కూర్చునేదీ ఆయనే. నా మాట ఎన్నడూ కాదనలేదు.

"ఒరే అమరా, పొద్దున్నే బీపీ బిళ్ళ ఏసుకున్నారా. ఇదిగూడా ఏసుకోవచ్చా?"

"రెండూ కలిస్తేనే బావా, పని చేసేది!"

వేసుకున్నాడు.

నీళ్ళ సంగతి కూడా ఖచ్చితంగా చెప్పాను. దాహమైతే గుక్కెడు, అంతకు మించి వద్దు. ఒకరు తాగితే ఒకరు పక్కకి వెళ్ళాలి, వాళ్ళ కోసం పదిమంది ఆగాలి. ఆడవాళ్ళకి ఈ మాట చెప్పనక్కరలేదు. రోడ్డు పక్కన వాళ్ళకి చాటెక్కడుంది, అసలే గొంతు తడుపుకుని ఊరుకుంటారు.

మొదటి రోజు నడక చూడాలి! ఒక్క మూలుగు లేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక రకం మార్చి ఇంకో బిళ్ళ ఇచ్చాను. సాయంత్రం మూడో రకం. పోయినేడు చీకటి పడ్డాక చేరిన పిడుగురాళ్ళకి ఈసారి పొద్దుండగానే చేరాం. ధనుంజయరావు షాపు ముందు నా ఫోటో పెట్టాలనిపించింది.

రెండో రోజు బావ అందరికన్నా ముందు నడిచాడు. తల వంచుకుని, ఎవరితో మాట్లాడకుండా, చెప్పులు ఈడ్చుకుంటూ. నకరికల్లు అడ్డరోడ్డు దగ్గర టీ తాగటానికి ఆగితే, మగవాళ్ళంతా తుమ్మచెట్ల వెనక్కి పోయారు. బావ ఒక్కడే బల్ల మీద కూర్చున్నాడు. నాకప్పుడు తట్టింది, నిన్న సాయంత్రం నుంచి ఆయన పక్కకి వెళ్ళటమే నేను చూడలేదు. అందరూ తిరిగి వచ్చాక గొంతు పెంచి చెప్పాను.

"చూడండయ్యా మా బావని! నిన్నటి నుంచీ ఒక్కసారి గూడా పక్కకి పోలా. డెబ్బై మూడేళ్ళు! నడకంటే అదీ. చూసి నేర్చుకోండి."

అందరూ చప్పట్లు కొట్టారు. బావ చిన్నపిల్లాడిలా నవ్వి తల దించుకున్నాడు. మొహం నిండుగా ఉంది. నడక ఒంటికి పట్టిందనుకున్నాను.

ఇక్బాల్ నన్ను పక్కకి పిలిచాడు. "బాబాయ్, పెద్దాయన మొహం ఉబ్బినట్టు లేదూ?"

"కళొచ్చిందిరా."

"కాళ్ళకి గూడా వచ్చిందా కళ? చెప్పులు పట్టటంలా ఆయనకి."

"నువ్వు నీ ఆటో సంగతి చూసుకో. మందుల సంగతి నాకొదిలెయ్."

"ఆటో సంగతే చెప్తన్నా బాబాయ్. ఇంజను వేడెక్కితే ఎర్ర లైటు వెలుగుద్ది. ఆ లైటు వైరు పీకేస్తే వేడి తగ్గదు, మనకి తెలవటం ఆగిపోద్ది. నువ్విచ్చే బిళ్ళలు వైరు పీకినట్టున్నయ్."

పానాలు తిప్పేవాడు నాకు పాఠం చెప్పటమా అని ఒళ్ళు మండింది. ఆ మధ్యాహ్నం కావాలనే అందరికీ రెండు రకాలు కలిపి ఇచ్చాను.

మూడో రోజు పొద్దున, నరసరావుపేట ఇంకాసేపట్లో వస్తుందనగా, బావ కాలవ వంతెన మీద కూలబడి వాంతి చేసుకున్నాడు. మొహం బూడిద రంగులోకి తిరిగింది. ఎగశ్వాస పెడుతున్నాడు. నేనేం చేశానో చెప్పుకోవటానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. సంచీలోంచి ఇంకో బిళ్ళ తీశాను. ఇందిర నా చేతిలోంచి దాన్ని లాక్కుని, దాంతోపాటు ఆ పొట్లం మొత్తాన్ని కాలవలోకి విసిరింది.

"మడిసివా, మందు డబ్బావా?" అంది.

ఇక్బాల్ ఆటోలోంచి బియ్యం బస్తా దించి రోడ్డు పక్కన పడేశాడు. బావని ఎత్తి దుప్పట్ల మీద పడుకోబెట్టాడు. ఆ క్షణంలో కూడా నా నోట్లోంచి "తొమ్మిదేళ్ళ పేరు..." అని రెండు ముక్కలు ఊడిపడ్డాయి. ఇందిర ఆటో ఎక్కి, బావ తల ఒళ్ళో పెట్టుకుని, నా వంక చూసింది. నేనూ ఎక్కాను. వెనకాల మిగతా ఎనిమిది మందీ చెయ్యెత్తి దొరికిన ఆటోల్లో ఎక్కేశారు.

నరసరావుపేటలో మొదట కనపడిన ఆసుపత్రిలోకి వెళ్ళాం. డాక్టరమ్మ పేరు జాస్మిన్. ముప్పై ఐదేళ్ళుంటాయేమో. బావ కాలు మీద వేలితో నొక్కింది. గుంట పడి అలాగే ఉండిపోయింది. రక్తం తీయించి, గంట తర్వాత కాగితం పట్టుకుని వచ్చింది.

"మూత్రం ఎప్పుడు పోశారు పెద్దాయనా?"

"నిన్న కాస్త పడిందమ్మా. రెండు మూడు చుక్కలు."

"కిడ్నీలు దెబ్బ తిన్నాయి. ఎందుకు తిన్నాయో నాకు తెలియాలి. బీపీ బిళ్ళ కాకుండా ఇంకేమైనా వేసుకున్నారా? నొప్పి బిళ్ళలు?"

బావ నా వైపు చూశాడు. తర్వాత గోడ వైపు తిరిగాడు.

"లేదమ్మా. ఏం ఏసుకోలా."

నిజం చెబుతున్నాను, ఆ మాట వినగానే నా ప్రాణం కుదుటపడింది. నా పరువు కోసం బావ అబద్ధం ఆడాడని తెలుసు. తెలిసీ కుదుటపడింది.

డాక్టరమ్మ నుదురు చిట్లించింది. "అయితే రాయి అడ్డుపడిందేమో చూడాలి. స్కానింగులకి గుంటూరు పంపిస్తాను. ఇప్పటికే ఆలస్యమైంది." అని లేవబోయి, ఊరికే అడిగినట్టు అడిగింది. "ఎండలో నడిచారు కదా, రోజుకి నీళ్ళు ఎంత తాగారు?"

"చెంబెడు తాగుంటానమ్మా."

చెంబెడు. ఆ మాట నా చెవుల్లో పడి అక్కడే ఆగిపోయింది. పదును లేని, తడారిన చేలో మందు కొట్టకూడదని మా ఊళ్ళో పశువులు కాసేవాడికి కూడా తెలుసు. నీళ్ళు లేక వాడి ఉన్న మొక్క మీద ఎంత మంచి మందు కొట్టినా సాయంత్రానికి ఆకు మాడిపోతుంది. అలా మాడ్చుకున్న రైతుల్ని వాళ్ళ గట్టు మీదే నిలబెట్టి నానా మాటలూ తిట్టాను నేను. ఇప్పుడు మా బావకి మూడు రోజులు నీళ్ళు ఆపేసి, పైనుంచి పూటకో రకం కొట్టాను.

"అమ్మా, అబద్ధం చెప్తన్నాడు," అన్నాను. "బిళ్ళలు నేనిచ్చా. పూటకొకటి. నిన్న రెండు కలిపిచ్చా. నీళ్ళు తాగొద్దంది గూడా నేనే."

సంచీలో మిగిలిన అట్టలన్నీ బల్ల మీద కుమ్మరించాను. ఆవిడ ఒక్కొక్కటి తిప్పి చూసి మూడింటిని పక్కకి జరిపింది.

"ఈ మూడూ ఒకటే మందు. కంపెనీ పేర్లే వేరు."

"మార్చి మార్చి ఇచ్చాననుకున్నానే!"

"ఎందుకు మార్చారు?"

"అలవాటు పడకుండా..."

ఏది అలవాటు పడకుండా అని ఆవిడ అడగలేదు. అడిగితే నా దగ్గర పురుగు తప్ప వేరే జవాబు లేదు. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు నొప్పి బిళ్ళ వేసుకుంటే కిడ్నీకి రక్తం అందదనీ, ముసలివాళ్ళకీ బీపీ మందులు వాడేవాళ్ళకీ అది మరీ ప్రమాదమనీ, కడుపులో పుండ్లు పడి రక్తం పోయినా నొప్పి తెలియక నడుస్తూనే ఉంటారనీ చెప్పింది. గుంటూరు ప్రయాణం ఆపి సెలైన్ పెట్టించింది. రేపటికి మూత్రం రాకపోతే రక్తం శుద్ధి చేసే మిషను ఎక్కించాల్సి వస్తుందంది.

"ఇంకెంతమందికి ఇచ్చారు?"

తలుపు తీసి వరండా చూపించాను. బల్ల మీద వరసగా కూర్చున్నారు నా భక్తులు. అందరి రక్తాలూ తీశారు. నాది కూడా. ఇద్దరికి కిడ్నీ లెక్క కొంచెం పెరిగింది. అందులో ఒకణ్ణి నేనే. మిగతావాళ్ళకి కడుపులో మంటో, కాళ్ళ వాపో ఏదో ఒకటి తేలింది. అన్నీ శుభ్రంగా ఉన్నది ఇందిరకి ఒక్కదానికే.

"నువ్వు మింగావు గదే, నేను చూశా!"

"నువ్వటు తిరగ్గానే ఊసేశా. నువ్విచ్చింది ఏదన్నా ఎప్పుడు మింగాను గనకా?"

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక కాగితాలతో మొహం కప్పుకుంది.

మర్నాడు శివరాత్రి. ఊరంతా కొండ మీద ఉంది. రోడ్ల మీద లైట్లు కట్టిన ఎత్తైన ప్రభలు, మైకులు, డప్పులు. నేను బావ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, మంచానికి వేలాడే మూత్రం సంచీ వంకే చూస్తున్నాను. గుళ్ళో దేవుడి ముందు కూడా అంత నిష్ఠగా ఎప్పుడూ కూర్చోలేదు. పదింటికి అడుగున పసుప్పచ్చగా కొంచెం చేరింది. మధ్యాహ్నానికి సంచీ మీది గీతలు ఒకటొకటిగా దాటింది. నర్సు కొలిచి రాసుకుని "వస్తోంది" అనగానే, వరండాలో ఉన్న ముసలి గుంపంతా కొండెక్కేటప్పుడు అరిచినట్టు "చేదుకో కోటయ్యా" అని అరిచింది. పక్క గదుల్లోంచి పేషెంట్లు తొంగి చూశారు. ఎవరికో కొడుకు పుట్టాడనుకున్నారు.

డాక్టరమ్మ వచ్చి చూసి, ఇక మిషను అక్కర్లేకపోవచ్చు అని చెప్పి వెళ్ళింది. గదిలో మేమిద్దరమే మిగిలాం. నాకు నోరు ఊరుకోలేదు.

"ఏంది బావా, ఒంట్లో బాలేదని ఒక్క మాట చెప్పొద్దా? అంతసేపు ఎట్టా ఓర్చుకున్నావు?"

బావ సెలైను చుక్కల వంక చూస్తూ చెప్పాడు.

"మొదటి రోజు సాయంత్రమే తెలిసిందిరా, లోపల ఏదో తేడాగా ఉందని. అడ్డరోడ్డు కాడ చెప్దామనే కూచున్నా. ఈలోపు నువ్వు నన్ను చూసి నేర్చుకోమన్నావు. అందరూ చప్పట్లు కొట్టారు." ఆగి, సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు. "డెబ్బై మూడేళ్ళొచ్చినయ్ రా అమరా. నాకోసం ఎవురన్నా చప్పట్లు కొట్టటం అదే మొదలు. ఆ తర్వాత ఎట్టా చెప్పేదిరా?"

నేను ఆయన ఉబ్బిన చెయ్యి పట్టుకుని భోరుమన్నాను. నర్సు తొంగి చూసినా ఆగలేదు. నాకేదో అయిందనుకుని ఆ అమ్మాయి గ్లాసు నిండా నీళ్ళు తెచ్చింది. ముందు బావకి తాగించి, మిగిలినవి నేను తాగాను.