ఎంగిలి పుదీనా

హనోయ్‌లో సరస్సూ పాత వీధులూ తిప్పి చూపించాక, గైడు తొవాన్ తన అతిథులను మధ్యాహ్నం తిండికి తీసుకొచ్చేది న్యాన్ గారనే ఆవిడ కొట్టుకే. ఏడాదిగా అదే వరస. నిప్పుల మీద కాల్చిన పంది మాంసం, పుల్లతీపి పులుసు, బియ్యపు సేమ్యా, పక్కన పళ్ళెం నిండా పచ్చి ఆకులు. న్యాన్ గారి అమ్మాయి లువాతో అతనికి పది రోజుల్లో నిశ్చితార్థం. ఆ రోజు పెళ్ళికూతురి ఇంటికి తమలపాకులూ వక్కలూ సర్ది పట్టుకెళ్ళే ఎర్ర పళ్ళేలను తొవాన్ వాళ్ళమ్మ అప్పుడే అద్దెకు మాట్లాడేసింది.

మొన్న చేతులు కడుక్కుందామని కొట్టు వెనక్కి వెళ్ళాడు. ఏ ముహూర్తాన వెళ్ళాడో గానీ, న్యాన్ గారు పీట వేసుకుని, జనం తిని వదిలేసిన పళ్ళేల్లోంచి ఆకులు ఏరుతోంది. ఎంగిలి గిన్నెలు కడిగే తొట్టెలోనే, నూనె తేలుతున్న ఆ నీళ్ళలోనే, రెండుసార్లు జాడించి బుట్టలో పడేస్తోంది. బుట్టలోంచి మళ్ళీ పళ్ళేల్లోకి. ఎవడు కొరికి వదిలిందో, ఎవడు ముక్కు చీదిన చేత్తో కెలికిందో! తొవాన్ తలుపు దగ్గరే ఆగిపోయాడు. ఏడాదిగా తను లొట్టలు వేస్తూ తిన్నది ఈ చండాలమా? అయినా నోరు మెదపలేదు. మెదిపితే పెళ్ళి చెడుతుంది.

ఇవాళ నలుగురు అతిథులు. "పొద్దున్నే నది ఒడ్డు తోటల్లో కోసిన ఆకులండీ" అని రోజూ చెప్పే మాటే చెప్పాడు. పాపం, వాళ్ళు గుప్పిళ్ళతో తిన్నారు.

"ఏం బాబూ, నువ్వు ఆకు ముట్టవేం?" పొయ్యి దగ్గర్నుంచి న్యాన్ గారు కేకేసింది. "కాబోయే అత్త చేతి తిండి అప్పుడే చేదైపోయిందా?"

అందరూ నవ్వుతూ ఇటే చూశారు. తొవాన్ పళ్ళెంలో చెయ్యి పెట్టాడు. చేతికొచ్చిన పుదీనా ఆకు మీద పంటిగాటు ఉంది, గాటు అంచున ఎర్రటి లిప్‌స్టిక్. కళ్ళు మూసుకుని నోట్లో వేసుకున్నాడు.

"అదిరిపోయింది అత్తయ్యా!"

అని, ఫోనొచ్చినట్టు నటిస్తూ లేచి, సందు చివర గోడ పట్టుకుని భళ్ళున కక్కాడు. కొట్లో వడ్డిస్తున్న లువా నీళ్ళ సీసాతో వెనకాలే వచ్చింది. ఇక దాచలేక మొన్న చూసిందంతా ఆమెకు చెప్పేశాడు.

"నాకు ఏడేళ్ళప్పట్నుంచీ తెలుసు" అంది లువా. "నేను ఆ ఆకు ముట్టడం ఎప్పుడైనా చూశావా?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"అమ్మతో పోట్లాడి పోట్లాడి నా నోరు పడిపోయింది. మొన్న నువ్వు తలుపు దగ్గర నిలబడి చూస్తుంటే, నేను నిన్ను చూశాను. హమ్మయ్య, అడిగే మనిషి ఒకడొచ్చాడు, ఇవాళ్టితో ఈ రోత వదిలిపోతుంది అనుకున్నా. ఏం చేశావు? నిన్న తొమ్మిది మందిని తీసుకొచ్చావు. ఇవాళ నలుగురిని. రేపెంతమంది?"

"ఆరుగురు." రోజూ చెప్పే లెక్క కదా, అలవాటుగా నోటికొచ్చేసింది. అన్నాక తన మీద తనకే అసహ్యం వేసింది.

లువా నీళ్ళ సీసా అతని చేతిలో పెట్టింది.

"మీ అమ్మగారిని ఆ ఎర్ర పళ్ళేలతో మా ఇంటికి రావద్దని చెప్పు. మా అమ్మ కన్నతల్లి కాబట్టి ఆవిణ్ణి మార్చుకోలేను. నిన్ను కట్టుకోవాలని ఏముంది?"