శుభ్రమైన నదిలో ఓకేగాడు

మా బావమరిది ఓకేగాడు నదుల శుభ్రత ఆఫీసులో అధికారి. చిన్నప్పుడు లెక్కల పేపరు సగం రాసి "ఓకే" అని లేచి వచ్చేసినప్పటినుంచీ వాడికా పేరు. ఉద్యోగంలోనూ అదే వరస. ఊరి నదిలో చెత్తంతా ఎత్తేశామని కుర్చీలోంచి లేవకుండానే సంతకం పెట్టేశాడు. పైవాళ్లకి అనుమానం వచ్చింది. శుభ్రమైన నదిలో నువ్వున్న ఫోటో సాయంత్రంలోగా పంపితే ప్రమోషన్, లేదంటే విచారణ అన్నారు.

పొద్దున్నే నా స్టూడియోలో ఊడిపడ్డాడు. ఇరవై ఏళ్లుగా జనం పుట్టుమచ్చలు చెరిపి, కోటు లేనివాళ్లకి ఫోటోలో కోటు తొడిగి బతుకుతున్నవాణ్ని నేను. ఇద్దరు ముందూ వెనకా కూర్చుని తెడ్డేసే కయాక్ పడవ ఒకటి అద్దెకు తెచ్చాడు.

"నీకు ఈతొచ్చా?" అన్నాను.

"లైఫ్ జాకెట్ ఉందిగా," అన్నాడు. తీరా ఫోటోలో పొట్ట లావుగా పడుతుందని దాన్ని ఒడ్డునే విప్పేశాడు.

నది మహా వెడల్పు. ఆ వెడల్పు నిండా చెత్తే. విరిగిన కుర్చీలు, చెప్పులు, సీసాలు, దుంగలు, ఒక డబుల్ పరుపు. తెడ్డు నీళ్లకి తగలాలంటే ముందు చెత్తను పక్కకి నెట్టాలి.

"ఫోటో అటొద్దు, ఇటు తియ్యి," అన్నాడు.

"ఇటు పరుపుందిరా."

"అయితే కాస్త పైకి తియ్యి."

"పైన ఆకాశం ఉంది. అది మీ ఆఫీసు కిందకి రాదు."

గంటన్నర తిరిగాం. జానెడు మంచి నీళ్లు కనబడితే ఒట్టు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆఖరికి దూరంగా కాస్త ఖాళీ కనబడగానే "అదిగో!" అంటూ వీడు లేచి నిలబడ్డాడు. కయాక్‌లో ఎవడైనా నిలబడతాడా? ఇద్దరం బోల్తా కొట్టాం.

నాకు ఈత వచ్చు, కెమెరా నీళ్లు దూరని సంచిలో ఉంది. వీడు మాత్రం రెండుసార్లు మునిగి, కొట్టుకొస్తున్న పాత ఫ్రిజ్‌ని వాటేసుకున్నాడు. ఎత్తేశామని వీడు సంతకం పెట్టిన చెత్తలో అదీ ఒకటి. నిజంగా ఎత్తేసి ఉంటే వీడు నాకు దక్కేవాడు కాదు.

కాస్త ఊపిరి తిరిగిందో లేదో, "తియ్యరా ఫోటో!" అని అరిచాడు. తీశాను.

స్టూడియోలో తల తుడుచుకుంటూ కంప్యూటర్ తెర చూశాడు. "ఆ ఫ్రిజ్ తీసెయ్."

"తీసేస్తే నువ్వు మునిగిపోతున్నట్టు ఉంటావు."

"మునిగితే మునిగాన్లే. నా పెళ్లి ఫోటోలోంచి నవ్వుమొహం తెచ్చి అతికించు."

ఛీ, పోరా అనాల్సింది. అనలేదు. చేతికి అలవాటైన పని. ఫ్రిజ్జూ పరుపూ చెరిపాను, నీళ్లకి నీలం వేశాను, నవ్వు అతికించాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలా బాగా కుదిరింది.

వాడికి ప్రమోషన్ వచ్చింది. వాడి ఆఫీసువాళ్లు ఆ ఫోటోని నిలువెత్తు బోర్డు చేసి రేవులో పెట్టారు. కింద 'రండి, ఈత కొట్టండి' అని రాశారు.

నిన్న మా అమ్మాయి స్కూలునుంచి వస్తూనే బ్యాగు విసిరేసి, తువ్వాలు భుజాన వేసుకుంది.

"ఎక్కడికే?"

"నదికి నాన్నా. మా క్లాసువాళ్లంతా అప్పుడే వెళ్లిపోయారు."

"ఆ నదిలోకా? వద్దు!"

"ఏం భయం లేదు నాన్నా," అంది చెప్పులు వేసుకుంటూ. "బోర్డు మీద మామయ్య ఎంచక్కా నవ్వుతున్నాడుగా!"