నెరేయిదా తోట చీమల బేరం

చీమలకు వెల చెల్లించిన మనిషిని ఆల్కీసార్ ఊళ్ళో అంతవరకూ ఎవరూ చూడలేదు. రుపెర్తో చెల్లించాల్సి వచ్చింది.

అతనికి చిలగడదుంపల చేను ఉంది, సంతలో అమ్ముకోవడానికి ఒక బల్ల ఉంది. కిందటేడు ముక్కుపురుగు దుంపల్ని తొలిచి చేదెక్కించింది. పందులకు వేస్తే అవి కూడా మూతి తిప్పుకున్నాయి. ఈ ఏడూ అదే జరిగితే బల్ల ఇంకొకరికి పోతుంది. కొట్టడానికి మందు దొరకదు. దొరికేవి అరటితోటల్లో ఉండే పెద్దతల చీమలే. అరటిబోదె ముక్కలకు తేనె పూసి తోటలో పెడితే, చీమలు రాణులతో, గుడ్లతో సహా వాటిలోకి కాపురం మారుస్తాయి. ఆ ముక్కల్ని పొద్దెక్కకముందే దుంపచేలో పెడితే సరి. ఎండకు బోదె ఎండిపోతుంది, చీమలు మట్టిలోకి దిగి పురుగు పని పడతాయి.

చేను పక్కనున్న అరటితోట నెరేయిదాది. రుపెర్తో కూతురికి బాప్తిస్మంలో జ్ఞానతల్లిగా నిలిచింది ఆవిడే. ఆ వరసతోనే ఆవిడ అతన్ని కొంపాద్రే అనీ, అతను ఆవిడని కొమాద్రే అనీ పిలుచుకుంటారు. చుట్టరికం గట్టిదే, బేరం అంతకన్నా గట్టిది.

"బోదెలకు రెండు కోళ్ళివ్వు కొంపాద్రే. చీమలకు మూడు బస్తాల దుంపలు."

"చీమలకా! మేత వేసి పెంచావా కొమాద్రే?"

"నా తోటలో ఉన్నాయిగా."

"నీ తోటలో గాలీ ఉంది, పీలుస్తున్నా. దానికో బస్తా ఇమ్మంటావా? నేనేం పట్టుకుపోవడం లేదు. తీపి పెడతా, ఇష్టమైతే అవే ఎక్కుతాయి. వాటంతటవే వచ్చేవాటికి నీకెందుకివ్వాలి?"

"సరే. వాటంతటవే వస్తే అవి నీవే."

మిగిల్చే చెయ్యి ఒకచోట ఆగదు. తేనె దండగనుకుని రుపెర్తో చెరకుమడ్డిలో నీళ్ళు కలిపి పూశాడు. అయినా చీమలు ఎక్కాయి. తెల్లారేలోపు నలభై ముక్కలు మోసి, మోచేతుల దాకా కరిపించుకున్నాడు.

మూడోరోజు చేనుకు వెళ్తే చీమల బారు కంచె దాటి వెనక్కి పోతోంది. అవతల నెరేయిదా బోదె ముక్కలకు చిక్కటి తేనె పూస్తోంది.

"కొమాద్రే! నా చీమల్ని ఎత్తుకుపోతున్నావ్!"

"నేనేం పట్టుకుపోవడం లేదు కొంపాద్రే. తీపి పెట్టా, ఇష్టమైతే అవే ఎక్కుతాయి." ఆవిడ వేలికంటిన తేనె నాకింది. "నువ్వు పెట్టిన నీళ్ళమడ్డికి ఏ కాపురం నిలుస్తుంది?"

"సరేలే. మూడు బస్తాలేగా?"

"అది మొన్నటి మాట. ఇప్పుడు తేనె కూడా పడింది. నాలుగు."

రుపెర్తో ఒకపక్క నాలుగు బస్తాలూ, మరోపక్క సంతలో బల్లా పెట్టి చూసుకుని తలూపాడు. నెరేయిదా తేనె పూసిన ముక్కల్ని, ఎక్కిన చీమలతో సహా, కంచె మీంచి అందించింది.

పంట బాగా వచ్చింది. నాలుగు బస్తాలూ తనే మోసుకెళ్ళి ఆవిడ గుమ్మంలో దించాడు. ఆవిడ ఒక దుంప కోసి చూసింది. ఒక్క తొర్ర లేదు.

"వచ్చే ఏడు నీతో పనిలేదు కొమాద్రే," అన్నాడు రుపెర్తో హుషారుగా. "చీమలు నా చేలోనే స్థిరపడ్డాయి."

"మంచిదేగా," అంది నెరేయిదా. "నా దగ్గర తేనె ఇంకా సగం సీసా ఉంది."

రుపెర్తో ఐదో బస్తా తేవడానికి వెనక్కి నడిచాడు.