రొట్టెకు బదులు సీసా

మా ఆయన ఎర్గాష్, కొండల్లో రోడ్డు పనికి బయలుదేరుతుంటే సంచి సర్దుతున్నాను. అక్కడ దోసకాయలు ఊరబెట్టుకుంటానని ఆయన ఘాటు వెనిగర్‌ను ఖాళీ వోడ్కా సీసాలో పోసి సంచిలో దూర్చారు.

“నీళ్లు కలపకపోతే అది గొంతు కాల్చేస్తుందండీ! ఎవరైనా వోడ్కా అనుకుని తాగితే?” అని సీసా లాక్కుని, పత్రికల్లో చదివినదంతా ఒప్పజెప్పాను.

“సలోమత్, నీ ఉపన్యాసానికి ఆ సీసాయే హడలిపోతోంది,” అంటూ ఆయన బస్సెక్కారు.

మా దగ్గర ప్రయాణమయ్యేవాళ్లు రొట్టె ఒక్క ముక్క కొరికి వెళ్తారు, మిగతాది తిరిగొచ్చి తింటారు; కొరికిన రొట్టె మనిషిని ఇంటికి రప్పిస్తుందని నమ్మకం. ఆ హడావిడిలో అది మరిచిపోయాను. గుర్తొచ్చి పరుగున వెళ్లి, రొట్టె అనుకుని కిటికీలోంచి అందించాను. బస్సంతా గొల్లుమంది. నా చేతిలో ఉన్నది వెనిగర్ సీసా.

“కొరకనా, తాగనా?” అన్నారాయన.

ఆ చలికాలం కొండదారిలో మంచుపెళ్లలు విరిగిపడ్డాయి. ఎర్గాష్ తిరిగి రాలేదు.